మూడో పిలుపు

“అడగొద్దంటే అడగొద్దు. తెలుగులోనే కదా చెప్తాండాను.”

“ఎందుకు అడగకూడదో చెప్పు అవ్వా. కారణం చెప్పకుండా వద్దంటే ఎట్ల?”

“ఎనభై దాటిన మనిషిని కూచోబెట్టి, జేజీ, ఆ పొద్దు నీ తలుపు కాడికి వచ్చింది దెయ్యం కాదు, నీ కొడుకే అని చెప్తావా? చెప్పి ఏం సాధిస్తావు?”

“నేను చెప్పను. అడుగుతాను. రెండూ ఒకటి కాదు.”

“నాకు రెండూ ఒకటే.”

“నీకు కూడా డౌటు ఉండాది. లేకుంటే నీకింత కోపం రాదు.”

“డౌట్లు పెట్టుకునేంత తీరిక నాకు లేదు. ఆ గదిలో ఎవరూ లేరు, ఫ్యాను తిరుగుతాండాది చూడు. పోయి ఆపు.”

మనవరాలు లేచి పోయి ఫ్యాను ఆపింది గాని మాట ఆపలేదు. వంటింటి గడపలో నిలబడి మళ్లీ మొదలుపెట్టింది. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో నా కొడుకు కొన్న ఫ్లాటు ఇది. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోయారు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. మూడో మనిషి మా అత్త, నా మొగుడి తల్లి, నా కొడుక్కూ మనవరాలికీ జేజి. హాలు పక్క గదిలో మధ్యాహ్నపు కునుకులో ఉంది. గొడవంతా ఆమె గురించే గనుక ఇద్దరమూ గొంతులు తగ్గించుకునే పోట్లాడుకున్నాం.

గొడవకు మూలం మనవరాలి చదువు. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. ఆ నెల వాళ్లకు ఏదో పాతకాలపు దెయ్యం కథ పాఠంగా పెట్టారు. కథంతా ఒక్క మనిషే చెబుతుందట. దెయ్యం కనిపించేదీ ఆ మనిషికేనట, పక్కనున్నవాళ్లకు కనిపించదట. అది నిజంగా దెయ్యమా, చెప్పే మనిషి మనసులో పుట్టినదా అన్నది రాసినవాళ్లు తేల్చకుండానే వదిలేశారట. చదివినవాళ్లు ఇప్పటికీ రెండు జట్లయి వాదించుకుంటున్నారట.

“చెప్పేవాళ్లను పూర్తిగా నమ్మకుండా చదవాల అవ్వా. వాళ్లు అబద్ధాలు చెప్తారని కాదు. తాము ఏది నమ్మితే బతగ్గలరో అదే చూస్తారు, అదే చెప్తారు” అని నాకు వివరించింది.

“అనుమానంగా వినేది నేర్పేదానికి అంత ఫీజా? మా వఠారంలో కొళాయి కాడ ఊరికే నేర్పేవాళ్లు” అన్నాను.

నవ్వింది. నవ్వి, అసలు సంగతి బయటపెట్టింది. ఎవరింట్లో చెప్పుకునే దెయ్యం కథను వాళ్లు రికార్డు చేసుకుని, చెప్పేవాళ్లు ఎట్లా చెబుతున్నారో గమనించి రాసుకు రమ్మన్నారట. మా ఇంట్లో దెయ్యం కథ ఒకటే ఉంది. అది మా అత్తది. నా కొడుకు దాన్ని వింటూ పెరిగాడు, వాడి కూతురూ వింటూ పెరిగింది. ఇన్నాళ్లూ భయపడుతూ విన్న పిల్ల ఇప్పుడు నమ్మకుండా వినడం నేర్చుకుని వచ్చింది.

ఆ కథ జరిగినప్పుడు మేం చిక్కపేట వెనక సందుల్లో ఒక వఠారంలో ఉండేవాళ్లం. అందరికీ ఒకే వీధి వాకిలి, లోపల వరసగా చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో ఒక కొళాయి. నా మొగుడు బట్టల హోల్‌సేల్ అంగట్లో గుమాస్తా. మరిది ఊరి చివర పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద పని చేసేవాడు. నా కొడుకు నాలుగో క్లాసులో ఉన్నాడు.

మరిదిని గురించి రెండు మాటలు చెప్పాలి. నేను పెళ్లయి మదనపల్లె వైపు నుంచి వచ్చేసరికి అతనికి ఇంకా సరిగ్గా మీసం రాలేదు. నేను చదివింది కొంచెం, అదీ తెలుగు. బస్సు బోర్డు చదవలేక నేను తికమకపడుతుంటే చూసి, వంటింటి గోడ మీద బొగ్గుతో కన్నడ అక్షరాలు రాసి నేర్పాడు. “అన్నీ మన అక్షరాలే వదినా, తలకట్టు ఒకటే వేరు” అనేవాడు. గోడ ఖరాబు చేస్తున్నావని వాళ్లమ్మ కేకలేస్తే, “వదిన బస్సు తప్పి హోసూరు పోతే నువ్వు పోయి ఎతుక్కొస్తావా?” అనేవాడు. నాకు తోడబుట్టిన తమ్ముళ్లు లేరు. ఆ లోటు నాకు ఆ ఇంట్లో తీరింది.

ఆ ఏడాది బెంగళూరంతా ఒక పుకారు పుట్టింది. చీకటి పడ్డాక ఒక ఆడదెయ్యం ఇల్లిల్లూ తిరుగుతోందని, తలుపు బయట నిలబడి మనకు కావలసినవాళ్ల గొంతుతో పిలుస్తోందని, తలుపు తీసినవాళ్లు బతకరని. అందుకని అందరూ తలుపుల మీద సుద్దతో ‘నాళె బా’ అని రాసుకున్నారు. రేపు రా అని దానర్థం. దెయ్యం అది చదువుకుని పోతుంది, మర్నాడు వస్తుంది, మళ్లీ అదే చదువుకుని పోతుంది. ఆ కాలం వాళ్లను ఈ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

మా తలుపు మీద మొదటిసారి రాసింది మరిదే. తల్లి పోరు పడలేక రాశాడు. “మా, మనింట్లో అందరమూ తెలుగే కదా. మనల్ని పట్టుకునే దెయ్యానికి కన్నడ వస్తాదా?” అని అడిగాడు. “ఈ ఊళ్లో ఉండాలంటే దెయ్యమైనా కన్నడ నేర్చుకోవాల్సిందే. రాయప్పా గమ్మున” అంది అత్త. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లందరూ నవ్వారు.

దీనికి అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న నియమం ఒకటి తోడుగా ఉండేది. చీకటి పడ్డాక బయటి నుంచి ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లు పిలవగలదు, మూడోసారి పిలవలేదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. మా వైపు ఇళ్లలో అందరూ పాటించేదే. నా మొగుడు అంగడి మూసుకుని వచ్చి ప్రతిరోజూ మూడుసార్లు పిలిచేవాడు. ఒకరోజు వానలో తడుస్తూ మూడూ గుక్క తిప్పుకోకుండా పిలిస్తే, అవన్నీ కలిపి ఒకటే అని, మళ్లీ పిలవమంది అత్త. ఆయన బయట నిలబడి మళ్లీ మొదటి నుంచి పిలిచాడు. మరిది లోపల పొట్ట పట్టుకుని నవ్వాడు.

తరువాత అతనికీ తల్లికీ చెడింది. అత్త తన అన్న కూతురిని చిన్న కొడుక్కు చేసుకుంటానని మాట ఇచ్చి వచ్చింది, అతన్ని ఒక్క మాట అడగకుండానే. మేనరికం మాలో మామూలే. అతను కాదన్నాడు. పీణ్యలోనే గార్మెంట్స్‌లో కుట్టే అమ్మాయి ఒకామె ఉందని చెప్పాడు. ఆ పొద్దున జరిగిన గొడవ నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

“మా అన్న ముందర నన్ను తల దించుకునేట్టు చేసినావు. నువ్వు నా కొడుకువే కాదు, యాడికన్నా పో” అంది అత్త.

“పోతాను. నువ్వు పిలిస్తేనే వస్తాను” అన్నాడు.

నేను కట్టిచ్చిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని రోజూ పనికి పోయినట్టే పోయాడు. ఆ సాయంత్రం రాలేదు. పీణ్యలో స్నేహితుడి గదిలో ఉంటున్నాడని తెలిసింది. నా మొగుడు పోయి తీసుకొస్తానంటే అత్త ఒప్పుకోలేదు. “ఆకలైతే వాడే వస్తాడు” అంది. మెతుకు గొంతు దిగని కోపం ఆమెది. అయినా ప్రతి సాయంత్రం అతని కంచం కడిగి బోర్లించేది. తలుపు మీద రాసే పని నాకు వచ్చింది. అతను నేర్పిన అక్షరాలతోనే రాసేదాన్ని.

కొన్నాళ్లు పోయాక ఒక సాయంత్రం పెద్ద వాన పట్టింది. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. నా మొగుడు ఇంకా అంగడిలోనే ఉన్నాడు. కొడుక్కు జ్వరం. నేను వెనక వంటింట్లో వాడి నుదుటికి తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. వంటింటికి రేకుల కప్పు. వాన పడితే పక్కమనిషి మాట కూడా వినపడదు. అత్త ముందు గదిలో తలుపు దగ్గర కూర్చుని ఉంది.

నాకు వినిపించిందేమిటో నేను సరిగ్గా చెప్పాలి. ఎవరో ‘మా’ అన్నట్టు అనిపించింది. నా కొడుకే కలవరించాడనుకుని వాడి ముఖం చూశాను. వాడు నిద్రలో ఉన్నాడు. దీపం పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. అత్త తలుపుకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి రెండో చెయ్యి ఎత్తి ఆగమంది. అప్పుడు రెండోసారి వినిపించింది. ‘మా, తలుపు తియ్యి’ అని. అది మరిది గొంతే. అట్లని నేను ఆ పొద్దు నమ్మాను. అత్త నావైపు చూసి రెండు వేళ్లు చూపించింది. ఇద్దరమూ మూడోదాని కోసం నిలబడ్డాం. మూడోది రాలేదు. వాన ఒకటే వినిపించింది.

పొద్దున చూస్తే తలుపు మీది రాతలో సగం చెరిగిపోయి ఉంది. వాన జల్లు అక్కడిదాకా కొట్టిందో, తడి చెయ్యి తగిలిందో నేను చెప్పలేను. మళ్లీ రాశాను.

అత్త ఆ ఉదయం కొళాయి దగ్గర చెప్పింది. నా చిన్న కొడుకు గొంతుతోనే పిలిచింది, నేను మోసపోలేదు అని. పక్క సందుల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి మా గడప చూసి పోయారు. ఆమె మాట చాతుర్యం అట్లాంటిది. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు ఒకటే ఉంది. పదిమందికి చెప్పేసరికి తలుపు సందులోంచి చల్లగాలి కూడా వచ్చింది. ఇరవై మంది విన్నాక పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి.

ఆ ఆదివారం నా మొగుడు తల్లికి చెప్పకుండా పీణ్యకు పోయాడు. తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కునే నెపంతో నన్ను కొళాయి దగ్గరికి పిలిచాడు. తమ్ముడు స్నేహితుడి గదిలో లేడు. వాన పడిన పొద్దే పని ముగించుకుని, క్యారియర్ కడిగి చేతపట్టుకుని, ‘ఇంటికి పోతాండాను, మాయమ్మ ఇప్పటికి చల్లబడింటాది’ అని ఆ స్నేహితుడికి చెప్పి పోయాడట. మళ్లీ పనికి రాలేదట.

“అదే పొద్దా?” అని అడిగాను.

“అదే అన్న్యాడు. గట్టిగా అడిగితే ముందు దినమేమో అన్న్యాడు. వానికీ గుర్తు లేదు.”

“అత్తకు చెప్పాలా?”

ఆయన నీళ్లు పోసుకోవడం ఆపాడు. “వద్దు. చెప్తే మాయమ్మ బతకదు” అన్నాడు.

ఆసుపత్రులు తిరిగాడు, స్టేషన్లు తిరిగాడు. ఆ గార్మెంట్స్ అమ్మాయిని కూడా కనుక్కుని అడిగాడు. ఆమె ఏడ్చింది, ఆమెకూ తెలియదు. ఎవరో తుమకూరులో చూశామన్నారు, ఎవరో లారీ ఎక్కి ఉత్తరానికి పోయాడన్నారు. ఒక్కటీ నిలబడలేదు. మరిది మళ్లీ మా ఇంటికి రాలేదు. నా మొగుడు పోయేదాకా ఆ కొళాయి దగ్గరి మాట మా ఇద్దరి మధ్యే ఉంది. ఆయన పోయాక నా ఒక్కదాని దగ్గర ఉంది.

అత్త మాత్రం కథ చెప్పడం ఆపలేదు. కొడుకు ఏమయ్యాడని ఎవరైనా అడిగితే కథ చెప్పేది. “వాడు యాడో బాగానే ఉండాడు. వాడు వచ్చింటే నేను తియ్యనా? వచ్చింది అది” అనేది. తలుపు మీద రాయడం కూడా ఆపనివ్వలేదు. ఊరంతా ఆ రాతను మరిచిపోయింది. మేం చిక్కపేట వదిలాం, ఇల్లు మారాం, చివరికి ఈ ఫ్లాటుకు వచ్చాం. ఇక్కడ తలుపుల మీద ఏమీ రాయకూడదని అసోసియేషన్ వాళ్లు చెప్పి పోయారు. అందుకని పొద్దున్నే ఊడ్చేటప్పుడు తలుపు లోపలివైపు, గడియ కింద చిన్నగా రాస్తాను. మనవరాలు చిన్నప్పుడు వాడగా మిగిలిన సుద్దముక్కలున్నాయి, అవే వాడుతున్నాను. “లోపల రాస్తే దెయ్యం ఎట్ల చదువుతాది జేజీ?” అని నా కొడుకు ఒకసారి ఎగతాళి చేశాడు. “అంత దూరం వెతుక్కుంటా వచ్చినదానికి తలుపు ఒక అడ్డమా?” అంది ఆమె.

ఇదంతా మనవరాలికి తెలిసిన కథే, ఒక్క కొళాయి దగ్గరి మాట తప్ప. అది తెలియకుండానే ఆ పిల్ల దాని దగ్గరికి వచ్చేసింది.

“నువ్వే చూడు అవ్వా” అంది వంటింటి గడపలో నిలబడి. “కొడుకు కోపంగా పోయినాడు. ఆ నెలలోనే కొడుకు గొంతుతో ఎవరో పిలిచినారు. ఆ తరువాత కొడుకు మళ్లీ కనపడలేదు. జేజి కథలో ఈ మూడూ ఉంటాయి, కానీ ఒకటి పక్కన ఒకటి ఎప్పుడూ పెట్టదు. మధ్యలో దెయ్యాన్ని పెడతాది.”

“మూడోసారి పిలవలేదు కదా. వానికి తెలుసు ఇంట్లో పద్ధతి. మనిషైతే పిలవడా?”

“అలిగి పోయిన మనిషి. తన ఇంటి ముందర తాను నిలబడి రెండుసార్లు పిలిచిందే ఎక్కువ.”

“వానికి తెలుసంటాండాను కదా, మూడోది పిలిస్తే తీస్తామని.”

మనవరాలు గడప దాటి నా పక్కకు వచ్చి నిలబడింది. తరువాత మెల్లగా అంది. “తెలిసే పిలవలేదేమో. రెండో పిలుపుకే మాయమ్మ నన్ను గుర్తుపడతాదా అని చూసినాడేమో.”

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్లు ఆ సాయంత్రాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. వాన శబ్దాన్ని అనుమానించాను, నా చెవులను అనుమానించాను, పీణ్య స్నేహితుడి జ్ఞాపకాన్ని అనుమానించాను. ఈ ఒక్క వైపు నుంచి చూడలేదు. నువ్వు పిలిస్తేనే వస్తాను అని పోయినవాడు. అతను అట్లాంటివాడే.

“రికార్డు చేసుకో” అన్నాను చివరికి. “ఆమె చెప్పేది విను. ఎదురు ఒక్క ప్రశ్న వేసినా ఫోను లాక్కుంటాను.”

“వెయ్యను.”

ఎండ తిరిగి బాల్కనీలోకి వచ్చాక అత్తను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాను. అనపకాయల కాలం. నానబెట్టిన గింజలు చేటలో పోసుకుని నేను పితికిపప్పు తీస్తూ కింద కూర్చున్నాను. వేళ్ల మధ్య ఒత్తితే పప్పు ఒకవైపు పడుతుంది, తోలు ఒకవైపు మిగులుతుంది. మనవరాలు ఫోను పిట్టగోడ మీద పెట్టి, “చెప్పు జేజీ” అంది.

అత్తకు ఎవరైనా అడిగితే ఇప్పటికీ హుషారే. “అప్పుడు బెంగళూరు ఇట్ల లేదు పాపా. దీపం పోతే పోయినట్టే. వాన చూస్తే కుండతో పోసినట్టు. నేను తలుపు కాడ కూచోని ఉండాను. మొదట గజ్జెల సద్దు వచ్చింది, ఘల్లు ఘల్లు అని.”

నా వేళ్లు ఆగాయి. ఆ గజ్జెలు నావి. అన్నం తినని కొడుకును భయపెట్టడానికి నేను కల్పించి కథలో కలిపాను. ఆ సాయంత్రం గజ్జెల శబ్దం ఎవరూ వినలేదు. నా నోట్లోంచి వాడి చెవికి పోయినవి, ఎప్పుడో తిరిగి ఆమె చెవికి చేరాయి. ఇప్పుడు ఆమె వాటిని నిజంగానే వింటోంది. అట్లాంటప్పుడు ఆమె చెప్పేదాంట్లో ఏది ఆ పొద్దుది, ఏది తరువాతిది అని తేల్చడం ఎవరి తరం? నేను చెప్పేదాంట్లో మాత్రం?

“అప్పుడు పిలిచింది. మా అని. నా చిన్నోడు ఎట్ల పిలుస్తాడో అట్లనే. మీ అవ్వ దీపం పట్టుకోని ఉరుక్కుంటా వచ్చింది, నేను చెయ్యెత్తి ఆపినాను. రెండోసారి పిలిచింది. మా, తలుపు తియ్యి, ఆకలైతాండాది అనింది.”

మనవరాలు నావైపు చూసింది. ఆ చివరి మాట ఇంతకు ముందు కథలో ఎప్పుడూ లేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఆ మాట వినలేదు. తలుపుకు చెయ్యి ఆనించి ఉన్నది ఆమె, వాన హోరులో దీపం పట్టుకుని దూరంగా ఉన్నది నేను. అతను అన్నాడా? ‘ఆకలైతే వాడే వస్తాడు’ అన్న తన మాటే ఇన్నేళ్లకు తిరిగి వచ్చి అతని నోట్లో చేరిందా? నాకు తెలియదు. గజ్జెలు కల్పించినదాన్ని, ఇంకొకరి మాటను ఏ తక్కెడలో తూచను?

పిల్ల మాట తప్పలేదు. ప్రశ్న వెయ్యలేదు. చెయ్యి చాచి ఫోను ఆపేసింది.

“ఏమే, ఆపినావు? అయిపోలేదు ఇంకా” అంది అత్త.

“చాలులే జేజీ. అలిసిపోతావు.”

అత్త ఎదురు బిల్డింగు వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ ఎవరో దుప్పటి ఆరేస్తున్నారు. కొంతసేపటికి తనంతట తానే అంది. “దెయ్యమే పాపా అది. దెయ్యం కాకుంటే, ఇన్నేండ్లు నాకు అన్నం గొంతు ఎట్ల దిగింటాది?”

మనవరాలు ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. నేను తల వంచుకుని గింజలు ఒత్తాను. ఒక గింజ పప్పు చిట్లిపోయి తోలుతో కలిసిపోయింది.

“ఏమ్మా” అని అత్త నన్ను పిలిచింది. “నువ్వూ ఉంటివి కదా ఆడ. ఏం వింటివి?”

ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. కథ చెప్పేటప్పుడు నేను దీపం పట్టుకుని వచ్చినదాన్నే గాని, విన్నదాన్ని కాను. నా మొగుడు కొళాయి దగ్గర నీళ్లు పోసుకోవడం ఆపి చూసిన చూపు గుర్తొచ్చింది. కడిగిన క్యారియర్ గుర్తొచ్చింది.

“దెయ్యమే అత్తా” అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. కళ్లలో శుక్లాలు ఉన్నాయి, ఎంతవరకు కనిపించానో తెలియదు. చాలాసేపు చూసింది.

“సరే” అంది.

రాత్రి అన్నంలో పితికిపప్పు చారు కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలంది. పడుకునే ముందు మనవరాలు వంటింట్లోకి వచ్చి గిన్నెలు తుడవడానికి గుడ్డ అందుకుంది. “అవ్వా, నువ్వు నిజమే చెప్పినావా?” అని అడిగింది. “ఆ గిన్నె అడుగున తడి ఉండాది, సరిగ్గా తుడువు” అన్నాను. ఆ పిల్ల తుడిచింది. ఇంకేమీ అడగలేదు. నా కళ్లు చూసి ఊరుకుందని అనుకుంటున్నాను.

పొద్దున ఊడ్చి, డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని తలుపు దగ్గరికి పోయాను. అత్త అప్పటికే మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆమె గదిలోంచి తలుపు కనిపిస్తుంది.

“ఈ పొద్దు రాయొద్దులే” అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను.

“నిన్నటిది కూడా తుడిచెయ్యి. తలుపు తీసిపెట్టు.”

తడిగుడ్డతో తుడిచాను. తలుపు బార్లా తీసి, గాలికి మూసుకోకుండా చెప్పుల స్టాండు అడ్డం జరిపాను. సుద్దముక్క మళ్లీ డబ్బాలో వేశాను.

బియ్యం కొలుస్తుంటే ఆమె మళ్లీ పిలిచింది. “ఇంకో పిడికెడు ఎక్కువ పొయ్యి” అంది. మా ఇంట్లో కొలత నాది, దాన్ని ఎవరి కోసమూ మార్చను. పోశాను.

మనవరాలు కాలేజీకి బయలుదేరి, తెరిచి ఉన్న తలుపు చూసి ఒక్క క్షణం ఆగింది. జేజి దగ్గరికి పోయి నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లింది. కొడుకూ కోడలూ పోయారు. చెత్త తీసుకుపోయే ఆమె వచ్చి పోయింది. అత్త మంచం అంచున కాళ్లు కిందికి పెట్టుకుని తలుపు వైపే కూర్చుని ఉంది.

తరువాత పార్సిల్ తెచ్చిన మనిషి ఒకతను మెట్లెక్కి వచ్చి, తలుపు తెరిచి ఉందని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. “అమ్మా” అని పిలిచాడు. ఒక్కసారే పిలిచాడు.

“వస్తాండా నాయినా, ఉండు, పోవద్దు” అంది అత్త. మంచం పట్టుకుని లేచి నిలబడింది.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి అతను నంబరు చూసుకుని, ఎదురింటిదని చెప్పి, అటు తిరిగి వాళ్ల బెల్లు కొట్టాడు. నేను అత్తను పట్టుకుని కూర్చోబెట్టాను. పొయ్యి మీద అన్నం ఉడికింది. పోయి దించాను.